సోషల్ యాంగ్జైటీ: డాక్టరుకు అర్థమయ్యేలా చెప్పడం ఎలా

"నాతో బాగానే మాట్లాడుతున్నారు కదా, మీకేం సమస్య?" సోషల్ యాంగ్జైటీతో, అంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న విపరీతమైన భయంతో, డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఎదురయ్యే మాట ఇది. నాకూ ఎదురైంది, ఒకరి దగ్గర కాదు. అది విన్నాక ఇంకేం చెప్పబుద్ధి కాదు. అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మాత్రం దాన్ని చాలావరకు ఆపవచ్చు.

తలుపేసిన గదిలో ఒక్క మనిషితో, అదీ వాళ్లే ప్రశ్నలడిగే చోట, మాలో చాలామందిమి నెట్టుకొచ్చేస్తాం. నవ్వుతాం, తలూపుతాం, "పర్లేదు సార్" అంటాం. ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న భయమే జబ్బయినప్పుడు డాక్టరుగారు ఏమనుకుంటారోనన్న భయం లేకుండా ఎలా ఉంటుంది? అందుకే ఉన్నదాన్ని సగానికి తగ్గించి, "నిద్ర పట్టట్లేదు, కడుపులో తిప్పుతోంది" అనేసి బయటపడతాం. చీటీలో నిద్రమాత్ర, గ్యాస్ మాత్ర వస్తాయి. గుండె దడ అంటే ఈసీజీ, 2డీ ఎకో లాంటి గుండె పరీక్షలు రాస్తారు. కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నామనుకుంటారు. సైకాలజిస్టు ఇచ్చిన అభ్యాసం చేయకుండానే మొహమాటానికి "హోమ్‌వర్క్ చేశాను మేడమ్" అంటే చికిత్స పనిచేస్తోందనుకుంటారు. మళ్లీ వెళ్లకపోతే తగ్గిపోయిందనుకుంటారు. తోడొచ్చిన అమ్మ "వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే సార్, నలుగురిలో కలవడు" అందంటే జబ్బు కాస్తా స్వభావం ఖాతాలో పడిపోతుంది.

కాబట్టి నోటితో కాదు, కాగితంతో మొదలుపెట్టండి. ఒకే పేజీ, తెలుగులోనే. కూర్చోగానే "చెప్పలేను, రాసుకొచ్చాను" అని చేతికివ్వండి. "భయం ఎక్కువ" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. చేయలేకపోతున్న పనులు రాయాలి. ఉదాహరణకు ఇలా:

"పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని తినలేను, చెయ్యి వణుకుతుంది. బ్యాంకులో ఎవరైనా చూస్తుంటే సంతకం పెట్టలేను. షేర్ ఆటోలో 'ఆపండి' అనలేక, వేరేవాళ్లు దిగేచోట దిగి వెనక్కి నడుస్తాను. మీటింగు ఉందంటే ముందురోజు నుంచే విరేచనాలు. అయిపోయాక నేనన్న ప్రతి మాటా రాత్రంతా తవ్వుకుంటాను. డిగ్రీ నుంచి ఇలాగే ఉంది. దీనివల్ల ఇంటర్వ్యూలు వదులుకున్నాను. మీ ముందు మామూలుగా కనపడతాను, కానీ అందుకు చాలా కష్టపడుతున్నాను."

ఆ చివరి వాక్యం మానకండి. ఎప్పటినుంచి ఉందన్నదీ ముఖ్యమే, ఈ నిర్ధారణకు మామూలుగా 6 నెలలైనా ఉండాలని చూస్తారు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అదే పేజీలో మొదటి వాక్యం కావాలి.

దీనికి లీబోవిట్జ్ స్కేలు, అంటే సోషల్ యాంగ్జైటీని కొలిచే ప్రశ్నాపత్రం, నింపి జతచేస్తే ఇంకా మంచిది. అందులో 24 సందర్భాలుంటాయి. ఒక్కోదానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని విడివిడిగా 0 నుంచి 3 వరకు వేసుకోవాలి. అన్నీ కలిపి ఎక్కువలో ఎక్కువ 144. మామూలు లెక్కలో 30 దాటితే అనుమానించాలి, 60 దాటితే చాలా సందర్భాలకు పాకిందని గట్టిగా అనుమానించాలి. నిర్ధారణ చేయాల్సింది డాక్టరే. అంకె ఫైల్లో ఉంటే "చూడ్డానికి బాగానే ఉన్నారు" అని తేల్చేయడం మాత్రం కష్టమవుతుంది.

వెయిటింగ్ హాలు కూడా ఒక గండమే. టోకెన్ దగ్గరపడగానే ఫోన్ చేయమని రిసెప్షన్‌లో అడిగి బయట ఉండవచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ (NICE) సంస్థ 2013లో ఇచ్చినవాటిలోనే, ఈ జబ్బున్నవాళ్లను వేరేచోట ఎదురుచూడనివ్వండి, సందేశాల ద్వారా మాట్లాడనివ్వండి అని ఉంది. మొహమాటపడకుండా అడగండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే సలహా: "పదిమందిలో కలువు, అదే పోతుంది." మేం రోజూ క్లాసులో, ఆఫీసులో పదిమంది మధ్యే ఉన్నాం, పోలేదు. ఎందుకంటే కాపాడుకునే ఉపాయాలతో ఉన్నాం. కప్పు రెండు చేతులతో బిగించి పట్టుకుంటాం, బిగింపు వల్ల వణుకు పెరుగుతుంది. అనబోయే వాక్యాన్ని లోపల పదిసార్లు అనుకుంటాం, ఎదుటివాళ్ల మాట వినపడదు, పొగరనుకుంటారు. గట్టెక్కితే ఆ ఉపాయమే కాపాడిందనుకుంటాం. భయం నిజమో కాదో ఎప్పుడూ తేలదు.

క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1995లో చెప్పిన పద్ధతి సరిగ్గా దీన్నే పట్టుకుంటుంది. టీ కొట్టు దగ్గర చేసే ప్రయోగం చూడండి. ముందు కాగితం మీద రాయాలి: "చెయ్యి వణికితే అందరూ చూస్తారు, నవ్వుతారు." ఒకసారి పాత ఉపాయాలన్నీ వాడుతూ తాగాలి. రెండోసారి ఒంటిచేత్తో, నిండు గ్లాసుతో, కావాలనే కాస్త ఒలికించి, మన చేతిని కాకుండా చుట్టూ మనుషుల్ని చూడాలి. ఎంతమంది చూశారు, చూసి ఏం చేశారు? రాసుకున్నదానితో పోల్చాలి. నైస్ ఈ పద్ధతికి 90 నిమిషాల చొప్పున 14 సెషన్లు చెబుతుంది. ముప్పావుగంట సెషన్లో బయటికెళ్లి చేసి రావడం కుదరదు, అందుకే వీలైతే రెండు స్లాట్లు కలిపి అడగండి. చేరేముందు రెండే ప్రశ్నలు: సోషల్ యాంగ్జైటీకి సీబీటీ (ఇలా ఆలోచనల్నీ అలవాట్లనీ పరీక్షించి మార్చే మాటల చికిత్స) చేస్తారా, గది బయట ఏం చేయిస్తారు? రెండోదానికి జవాబు లేకపోతే వేరేవాళ్లను చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి.

మందుల విషయంలో, ఈ జబ్బుకు రోజూ వాడమని రాసే సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మొదటి వారం రెండు వారాలు ఆందోళన, వికారం పెంచవచ్చు. ముందే ఎవరూ చెప్పక చాలామంది అక్కడే ఆపేస్తారు. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి 12 పడుతుంది. తగ్గాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆందోళనను వెంటనే తగ్గించే క్లోనజెపామ్ రాస్తే ఎప్పుడు ఆపాలో అప్పుడే అడగండి, అలవాటు పడుతుంది. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. దడ, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ స్టేజీ భయానికే, ఆస్తమా ఉన్నవాళ్లకు పనికిరాదు.

డాక్టరు కొట్టిపారేస్తే మారవచ్చు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 ప్రకారం మీ ప్రాథమిక రికార్డులు పొందే హక్కు మీకుంది. అవి ఉంటే మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేయడమే కష్టమనుకుంటే, "నాకు ఫోన్‌లో మాట్లాడడం ఇబ్బంది, ఆగి ఆగి చెబుతాను" అని మొదటి వాక్యం రాసుకుని చదివేయండి.

తగ్గేటప్పుడు కూడా అపార్థం జరిగే చోటు ఒకటుంది. నాలో ముందు తగ్గింది తప్పించుకోవడం, తర్వాత భయం, అన్నిటికంటే ఆలస్యంగా రాత్రిపూట తవ్వుకోవడం. "భయం తగ్గిందా?" అని మాత్రమే అడిగితే చాలాకాలం లేదనే చెప్పేవాళ్లం, మందు మారిపోయేది. అందుకే ప్రతి విజిట్‌కూ ఆ మూడింటినీ మూడు గళ్లలో విడిగా రాసి చూపించండి.