ఎల్‌శాట్ స్కోర్ల మధ్య తేడా: అడెండంలో ఏం రాయాలి, ఎంత రాయాలి

అమెరికాలో జేడీ (లా డిగ్రీ) కోర్సుకు దరఖాస్తు చేసుకుంటూ, లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ ఒకటికి రెండుసార్లు రాసినవారిని వేధించే ప్రశ్న ఒకటుంది: తక్కువ వచ్చిన స్కోరుకు అడెండంలో, అంటే దరఖాస్తుకు జతచేసే చిన్న వివరణ పత్రంలో, సంజాయిషీ ఇచ్చుకోవాలా, వద్దా? గత ఐదేళ్ల స్కోర్లన్నీ ఈ పరీక్ష నిర్వహించే సంస్థ ఎల్‌శాక్ పంపే నివేదికలో స్కూళ్లకు కనిపిస్తాయి. స్కోరు చూసుకుని రద్దు చేసుకున్నా, రద్దయిన సంగతి అందులో ఉంటుంది. అయినా కంగారు అక్కర్లేదు. అమెరికన్ బార్ అసోసియేషన్‌కు సమర్పించే లెక్కల్లో ఒక్కో విద్యార్థి అత్యధిక స్కోరునే చూపుతారు కనుక, తమ విద్యార్థుల మీడియన్ (మధ్యస్థ) స్కోరు తగ్గకుండా చూసుకునే స్కూళ్లకు మీ పెద్ద స్కోరు మీదే ఎక్కువ ఆసక్తి.

120 నుంచి 180 వరకు ఉండే ఈ కొలమానంలో అటూ ఇటూ మూడు పాయింట్ల మేర తేడా సహజమని స్కోరుతో పాటు ఎల్‌శాక్ ఇచ్చే స్కోరు బ్యాండే (మీ అసలు సామర్థ్యం ఉండగల పరిధి) చెబుతుంది. 161 తరువాత 164 వస్తే అడెండం రాయడం అనవసరంగా లేనిపోని అనుమానం రేపడమే అవుతుంది.

నా స్కోర్లు 156, 166. మొదటి పరీక్ష నాటికి గుంటూరులో మా అమ్మగారికి ఆపరేషన్ జరిగి, పగలు ఉద్యోగం, రాత్రి ఆస్పత్రి అన్నట్టుగా ఉండేది. నేను రాసిన అడెండంలో నాలుగే వాక్యాలున్నాయి: పరీక్ష రాసిన నెలలు, వచ్చిన స్కోర్లు, మొదటిసారి ఉన్న పరిస్థితి, ఆమె కోలుకున్నాక సక్రమంగా చదివి మళ్లీ రాసిన విషయం, రెండో స్కోరే నా సామర్థ్యానికి సరైన కొలత అని భావిస్తున్నానన్న మనవి. జబ్బు వివరాలు గానీ, నా బాధ గానీ అందులో లేవు. దాన్ని పర్సనల్ స్టేట్‌మెంట్‌లో (దరఖాస్తుదారు తన గురించి రాసుకునే వ్యాసంలో) కలపకుండా విడి పత్రంగానే జతచేశాను.

కారణం కన్నా ముఖ్యమైనది, అది మిగతా ఫైలుతో పొసగడం. ఫలానా నెలల్లో అనారోగ్యమని రాసినప్పుడు అదే సెమిస్టర్ మార్కులు కూడా పడిపోయి ఉంటే, రెండింటికీ కలిపి ఒకే వివరణ ఇవ్వండి. మార్కులు చెక్కుచెదరకుండా ఉంటే చదివేవారికి సందేహం కలగడం సహజం.

2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ (తర్క పజిళ్ల) సెక్షన్‌ను తీసేశారు. అంతకు ముందు ఒకసారి, ఆ తరువాత ఒకసారి రాసి స్కోరు పెంచుకున్నవారికి ‘ఆ సెక్షనే నన్ను దెబ్బతీసింది’ అని రాయాలనిపిస్తుంది. నేనైతే రాయను. పరీక్ష తేదీలు చూస్తే ఆ సంగతి స్కూళ్లకే అర్థమవుతుంది. మీరు చెబితే మాత్రం సాకులా వినిపిస్తుంది.

వైకల్యం కారణంగా అదనపు సమయం వంటి వెసులుబాటు దొరికాక స్కోరు పెరిగినవారి విషయం వేరు. 2014లో కుదిరిన ఒప్పందం తరువాత అలాంటి స్కోర్లకు ఎల్‌శాక్ ప్రత్యేక గుర్తు పెట్టడం మానేసింది కాబట్టి, వైకల్యం గురించి చెప్పడమా మానడమా అన్నది పూర్తిగా మీ ఇష్టం. చెప్పదలచుకుంటే, మొదటి పరీక్షను ఆ వెసులుబాటు లేకుండా రాశానన్న ఒక్క వాక్యం చాలు.

రెండోసారి స్కోరు తగ్గినవారు, గట్టి కారణం లేకపోతే, మౌనంగా ఉండడమే మేలు. అయితే గణనీయమైన తేడా ఉంటే వివరించమని దరఖాస్తులోనే అడిగే స్కూళ్లు కొన్ని ఉన్నాయి; అక్కడ మాత్రం ఖాళీగా వదలకండి.