అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు: రెండో ఏడాదికి మొక్కు తీరింది

మా ఇంట్లో ఆదివారం ముగ్గురికీ కలిసి రావడం అరుదు. మా బావకి విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్ట్ డ్యూటీ. (మాది మేనరికం, అందుకే మా ఆయన్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.) ఏ షిఫ్ట్ అయితే పొద్దున్న ఆరింటికి, బీ షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి, సీ షిఫ్ట్ రాత్రి పదింటికి వెళ్లాలి. వీక్లీ ఆఫ్ ఒక వారం మంగళవారం పడితే ఇంకో వారం శుక్రవారం పడుతుంది. నేను గాజువాకలో ఒక స్కూల్లో టీచర్ని. ఆదివారం నాకు సెలవు, ఆయనకి డ్యూటీ, మా పన్నెండేళ్ల బాబుకి క్రికెట్ మ్యాచ్. బావకి ఏ కాస్త ఖాళీ దొరికినా షటిల్ కోర్టుకి వెళ్తాడు. నాకు ఆటా లేదు, నడకా లేదు. 2023 మొదట్లో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క) 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చేసిందని, రోజూ నడవాల్సిందేనని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు.

ఆ ఏడాదే మా అత్త తన మొక్కు సంగతి ఎత్తింది. 2021లో మావయ్యకి బైపాస్ జరిగినప్పుడు, ఆయన క్షేమంగా ఇంటికొస్తే గిరిప్రదక్షిణ చేస్తానని సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టి దేవుడి గదిలో పెట్టింది. పెళ్లయిన కొత్తలో నాలుగుసార్లు చేసిన మనిషి. ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. "నా వల్ల కాదే తల్లీ. మీరిద్దరూ నడిస్తే నేను నడిచినట్టే," అంది. సరేనన్నాం.

ఈ ప్రాంతం కాని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ దిగువన తొలిపావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండను కుడివైపు ఉంచుకుని చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే రావాలి. అంతా కలిపి 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, ఆరిలోవ, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డున అప్పూఘర్‌కి చేరి, అక్కణ్నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల దాటి వెనక్కి రావాలి. దాదాపు సగం ఊరిని చుట్టినట్టే. మర్నాడు పౌర్ణమికి స్వామికి నాలుగో విడత చందన సమర్పణ. అక్షయ తృతీయ నాడు నిజరూపం చూపించిన స్వామి, ఆ విడతతో మళ్లీ పూర్తిగా చందనంలోకి వెళ్లిపోతారు.

2023లో ప్రదక్షిణ జూలై 2, ఆదివారం వచ్చింది. ప్రాక్టీస్ అంటూ ఏమీ చేయలేదు. బావకి షటిల్ ఆడే ఒళ్లు కాబట్టి ఫర్వాలేదనుకున్నాడు, నాకు భక్తి ఉంటే చాలనుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా బయల్దేరాం. హనుమంతవాక వచ్చేసరికే అరికాళ్లు మంటెత్తాయి. అప్పూఘర్‌లో సముద్ర స్నానం చేసి, తడి కాళ్లకి ఇసుక అంటుకుని ఉండగానే రోడ్డెక్కేశాం. ఎంవీపీ కాలనీలో రెండు మడమల మీదా బొబ్బలు చితికాయి. ఒక అపార్ట్‌మెంట్ అరుగు మీద కూర్చున్న దాన్ని మళ్లీ లేవలేకపోయాను. బావ ఆటో మాట్లాడాడు. ఇంటికొస్తే అత్త ఒక్క మాటా అనలేదు. వేణ్నీళ్లు పెట్టి నా కాళ్లు కడిగింది. ఆ రాత్రి దేవుడి గదిలో ముడుపు వైపు చూడలేకపోయాను.

2024 సంక్రాంతి వెళ్లాక మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి జూలై 20, శనివారం. చేతిలో ఆరు నెలలున్నాయి.

అసలు కష్టం నడకలో కాదు, టైమ్ కుదరడంలో వచ్చింది. రోజూ పొద్దున్నే ఐదింటికి అనే మాట షిఫ్టుల ఇంట్లో చెల్లదు. ఏ షిఫ్ట్ వారం బావ ఆరింటికల్లా ప్లాంట్‌లో ఉండాలి. సీ షిఫ్ట్ వారం పొద్దున్న వచ్చి పడుకుంటాడు, అప్పుడు లేపడం పాపం. మూడు వారాలు మాటామాటా అనుకున్నాక ఒక కాగితం మీద రాసుకున్నాం. బీ షిఫ్ట్ వారం పొద్దున్నే ఇద్దరం కలిసి. ఏ షిఫ్ట్ వారం సాయంత్రం ఐదున్నరకి. సీ షిఫ్ట్ వారం నేను ఒక్కదాన్నే, కుదిరితే బాబు సైకిల్ మీద తోడు. వారంలో పెద్ద నడక ఆయన ఆఫ్ రోజున, అది ఏ వారమైనా సరే. ఆఫ్ మంగళవారమైతే నేను స్కూలుకి టైముకి చేరేలా నాలుగింటికే లేచేవాళ్లం. ఆ రోజుల్లో అత్తే బాబుని తయారు చేసి, టిఫిన్ పెట్టి పంపింది. ఈ ఆరు నెలలూ ఆవిడ చేసిన చాకిరీ లేకపోతే మేం గేటు దాటేవాళ్లం కాదు.

ఉక్కునగరంలో మా సెక్టార్ రోడ్లు వెడల్పుగా, చెట్ల నీడలో ఉంటాయి. మొదటి నెల మూడు కిలోమీటర్లు, రెండో నెల ఐదు, ఆఫ్ రోజున ఎనిమిది. అక్కడే గొడవలు కూడా అయ్యాయి. బావది పెద్ద అంగ. మాట్లాడుకుంటూ బయల్దేరతాం, పది నిమిషాలకి ఆయన వంద గజాల ముందుంటాడు. ఆగి వెనక్కి చూసి చేత్తో రమ్మంటాడు. నేను చేరేసరికి ఆయన అలుపు తీరిపోతుంది, నాకు ఆగే వీలు లేదు. ఫిబ్రవరి నెలాఖరులో ఒకరోజు బీచ్ రోడ్డు మీద కోపమొచ్చి కోస్టల్ బ్యాటరీ దగ్గర కూర్చుండిపోయాను. "నువ్వు నాతో నడవట్లేదు బావా, నా కోసం ఎదురుచూస్తున్నావు," అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, "అయితే నువ్వు ముందు నడు," అన్నాడు. ఆ రోజు నుంచి నేను ముందు, ఆయన రెండడుగులు వెనక. మా నడక గంటకి నాలుగు కిలోమీటర్ల దగ్గర స్థిరపడింది. ఆ మార్పు తర్వాత నేను ఒక్కరోజు కూడా మధ్యలో ఆగిపోలేదు. ఆయనకి షటిల్‌లో అలవాటైన వేగం తగ్గించుకోవడం ఎంత కష్టమైందో తర్వాత చెప్పాడు.

మా వీకెండ్ ట్రిప్పులు కూడా నడకలోకి మారాయి. బాబుకి మ్యాచ్ లేని ఆదివారం బావకి ఆఫ్ కలిసొస్తే అందరం బీచ్ రోడ్డుకి వెళ్లేవాళ్లం. తెల్లవారుజామున అక్కడ వాహనాల్ని ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. అత్త, మావయ్య బెంచీ మీద కూర్చుని వలలు లాగేవాళ్లని చూసేవారు. సాయంత్రం వెళ్తే బాబుకి ముంత కింద పప్పు తప్పనిసరి. కైలాసగిరి మెట్లు రెండుసార్లు ఎక్కాం. కంబాలకొండ అడవి దారిలో నడిచిన రోజు బాబు మా ఇద్దరికంటే ముందు పరుగెత్తి, తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిచాడు. ఏప్రిల్‌లో అందరం కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లాం. మావయ్యకి అద్దాల బోగీ ఎక్కాలని ఎప్పటినుంచో కోరిక. ఆయన సొరంగాలు వచ్చినప్పుడల్లా చిన్నపిల్లాడిలా కిటికీకి అతుక్కుపోయారు.

పాదాల విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2023లో మమ్మల్ని కూర్చోబెట్టింది అవే. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు, అత్తా అలాగే చేసింది. కానీ షుగర్ ఉన్నవాళ్లు ఉత్త కాళ్లతో నడవకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గితే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, ఆ పుండు త్వరగా మానదు. అందుకే ముందు డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన అరికాలు మీద సన్నటి తీగతో పదిచోట్ల తాకి, స్పర్శ బాగుందని చూసి, సాక్స్ వేసుకుని నడవడానికి ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి అత్తకి భయపడుతూ చెప్పాను. "కాళ్లు పుళ్లు చేసుకుని రమ్మని అప్పన్న ఎప్పుడైనా అడిగాడేటమ్మా?" అంది.

మే నెలలో సాయంత్రాలు తారు చల్లబడ్డాక సాక్సులతో నడవడం మొదలుపెట్టాం. మొదటిరోజు అర కిలోమీటరే, తర్వాత వారం వారం పెంచాం. నూలు సాక్స్ చెమట పట్టి తడిసిపోతాయి, తడిస్తే చర్మం మెత్తబడి బొబ్బ లేస్తుంది. అందుకని ఒక్కొక్కరికి మూడు జతలు, పాదాలు తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు సంచిలో పెట్టాం. బొబ్బ వస్తే పై చర్మం పీకకూడదు. రాత్రిపూట అత్త నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మడమలకి రాయమనేది. అలా రాస్తే పగుళ్లు మెత్తబడ్డాయి. జూలై మొదటివారం ఆఫ్ రోజున 22 కిలోమీటర్లు పూర్తిచేశాం. ఆ తర్వాత రెండు వారాలు తగ్గించి, నాలుగైదు కిలోమీటర్లకి మించకుండా నడిచాం.

జూలై 20న బావ తోటి ఉద్యోగితో షిఫ్ట్ మార్చుకున్నాడు. ఎండ తగ్గాక సాయంత్రం నాలుగింటికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాం. ఆ జనంలో అక్కడికి చేరడానికే ముప్పావుగంట పట్టింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, ముడసర్లోవ దగ్గర చిన్న జల్లు పడింది. దారి పొడవునా "గోవిందా" అంటూ జనం, రెండువైపులా మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, నీళ్లు ఇచ్చేవాళ్లు. ఇచ్చినవన్నీ తింటే నడవలేం. గంటకోసారి నీళ్లు, రెండు గంటలకోసారి కొంచెం పులిహోర అని ముందే అనుకున్నాం.

రాత్రి ఎనిమిది దాటాక అప్పూఘర్ చేరాం. ఈసారి సముద్రంలో స్నానం చేయకుండా నీళ్లు తల మీద చల్లుకుని, గట్టు మీద కూర్చుని కాళ్లు తుడుచుకుని సాక్స్ మార్చాం. ఎంవీపీ కాలనీలో నేను కూలబడిన అరుగు కనిపించింది. అక్కడ ఆ రాత్రి ఇద్దరు చిన్నపిల్లలు బల్ల వేసి గ్లాసుల్లో మజ్జిగ పోస్తున్నారు. ఒక గ్లాసు తాగి, ఆగకుండా నడిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సీతమ్మధార, మాధవధార బాగానే గడిచాయి. అర్ధరాత్రి దాటాక ఎన్ఏడీ ఫ్లైఓవర్ దగ్గర వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే బావ రోడ్డు పక్కన కుడికాలు పట్టుకుని కూర్చున్నాడు. పిక్క రాయిలా బిగుసుకుపోయింది. ముందురోజు సాయంత్రం షటిల్ ఆడొచ్చాడు, వద్దన్నా వినలేదు. అప్పుడు ఆ మాట ఎత్తలేదు. మోకాలు తిన్నగా చాపించి, కాలివేళ్లని ఆయన వైపుకి నెమ్మదిగా వంచి పట్టుకున్నాను. ఓఆర్‌ఎస్ కలిపి కొంచెం కొంచెం తాగించాను. "నువ్వు నడు, నేను మెల్లగా వస్తా. మొక్కు ఆగకూడదు," అన్నాడు. ఇద్దరం నడుస్తామని అత్తకి మాటిచ్చాం కదా, కదల్లేదు. ఇరవై నిమిషాలకి లేచాడు. అక్కణ్నుంచి ఆయన్ని ముందు నడవమని నేను వెనక నడిచాను. గోపాలపట్నం దాకా గంటకి రెండు కిలోమీటర్లు కూడా సాగలేదు. ఆ దారిలో మేం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆయన కాలు ఎలా పడుతోందో చూస్తూ నడిచాను.

గోశాల దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగు. అక్కడ బాబు పరుగెత్తుకొచ్చాడు. వెనక మావయ్య చెయ్యి పట్టుకుని, ఇంకో చేతిలో కర్రతో అత్త. తెల్లవారాక గుడి దగ్గర కలుద్దామని అనుకున్నాం, కానీ ఆవిడ రాత్రంతా నిద్రపోలేదట. ఆటో కట్టించుకుని వచ్చేసింది. "మిగిలింది నేనూ నడుస్తా," అంది. వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అయిదుగురం కలిసి, పది అడుగులకోసారి ఆగుతూ నడిచాం. ఆవిడ మోకాలి నొప్పికి పళ్లు బిగించి నడుస్తుంటే బావ తన కాలి సంగతి మర్చిపోయి ఆవిడ భుజం పట్టుకున్నాడు. తొలిపావంచా చేరేసరికి తూరుపు తెల్లబడింది.

పౌర్ణమి దర్శనం క్యూలో నాలుగు గంటలు. అత్త చీర కొంగున కట్టుకొచ్చిన ముడుపు విప్పి హుండీలో వేసింది. పసుపు గుడ్డ మాత్రం మడిచి మావయ్య చొక్కా జేబులో పెట్టింది. కొండ దిగే బస్సులో బాబు నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయాడు. ఆ రాత్రే బావకి సీ షిఫ్ట్. ఇంటికొచ్చి వేణ్నీళ్లలో ఉప్పు వేసి, ఒకే టబ్‌లో ఇద్దరం కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం.