రీచార్జ్ లేని టీవీ: తెలుగింటికి ఫ్రీ డిష్ ఎంతవరకు సరిపోతుంది?

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో డబ్బు కట్టి చూసే డీటీహెచ్ కనెక్షన్‌ను మానేసి, దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌కు మారాము. మారాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న బంధువులు, ఇరుగుపొరుగువారు తరచుగా అడుగుతున్నారు కనుక, ఇందులో ఏమి వస్తుందో, ఏమి రాదో, ఎందుకు రాదో ఒకచోట వివరంగా రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రభుత్వ రంగం ప్రజలకు అందిస్తున్న మంచి సేవల్లో ఇది ఒకటి. కానీ హిందీ మాట్లాడే ఇంటికి ఇచ్చినంత తెలుగింటికి ఇవ్వడం లేదు. ఆ లోటు తీర్చవలసిన బాధ్యత దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి మీద ఉంది.

మేము మారడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు, ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం కనబడకపోవడం అసలు కారణం. 2019 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త ధరల విధానం అమలులోకి వచ్చినప్పుడు, ఇకమీదట చూసే చానెళ్ళకే డబ్బు కడితే చాలునని చాలామంది సంతోషించారు. ఆచరణలో మాత్రం మొదటి వంద చానెళ్ళకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి 153 రూపాయల 40 పైసలు, ఒక్క పే చానెల్ కూడా ఎంచుకోకముందే కట్టవలసి వచ్చింది. ప్రధాన చానెళ్ళ ధరలు ఆపైన కలుస్తాయి. తరువాత అదే రుసుముకు రెండు వందల చానెళ్ళు ఇవ్వాలన్నారు గానీ, 2024 జూలైలో ఆ రుసుము మీద ఉన్న గరిష్ఠ పరిమితినే ఎత్తివేసి, ఎంత వసూలు చేయాలన్నది కంపెనీలకే వదిలేశారు. మా అమ్మ చూసేది సాయంత్రం పూట సీరియళ్ళు, నేను చూసేది వార్తలు, క్రికెట్. మిగిలిన ప్యాక్ అంతా ఎవరూ తెరవని చానెళ్ళే. గడువు దాటిన రాత్రి నుంచే తెర మీద రీచార్జ్ చేయమనే సందేశం తప్ప మరేమీ ఉండదు. ఊరికి వెళ్ళి పది రోజులు తాళం వేసినా ఆ రోజులకూ డబ్బు పడుతుంది.

ఫ్రీ డిష్ కొత్తది కాదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో 33 చానెళ్ళతో మొదలై, పదేళ్ళ తరువాత ఈ పేరు పొందింది. దేశంలో నాలుగు కోట్లకు పైగా ఇళ్ళు దీనిమీద ఆధారపడి ఉన్నాయి. ఒకసారి డిష్, సెట్‌టాప్ బాక్స్ కొనుక్కుంటే చాలు, ఆపైన నెలవారీ చందా ఉండదు. గవర్నర్‌పేట దుకాణాల్లో రెండు రకాల బాక్సులు చూపిస్తారు. చవకగా వచ్చే పాతరకం ఎంపెగ్-2 బాక్సు కాకుండా, కాస్త ఎక్కువ పెట్టి ఎంపెగ్-4 బాక్సే తీసుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఎంపెగ్-4లో ప్రసారమయ్యే చానెళ్ళు పాత బాక్సులో అసలు కనబడవు.

బిగించే పని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, కొనుక్కున్న చాలామంది చిక్కుకునేది అక్కడే. ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. మన ఊరి నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మామూలు ఇంటి డిష్‌లో, సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరం ఉండే కాడ కింది అంచు నుంచి వస్తుంది కనుక, పళ్ళెం అంత పైకి చూస్తున్నట్లు కంటికి కనబడదు. పళ్ళెం కళ్ళకు సరిగా ఉన్నట్లు తోస్తే సిగ్నల్ రాదు, అది సహజం. మా మెకానిక్ డాబా మీద పాత డిష్ స్తంభాన్నే వాడుకుని, వెనుక బోల్టులను పూర్తిగా బిగించకుండా వదులుగా ఉంచి, పళ్ళేన్ని వేలెడంత జరపడం, ఆగడం, మళ్ళీ జరపడం చేశాడు. కింద హాల్లో నేను తెర మీద రెండు సిగ్నల్ గీతలను చూస్తూ ఫోన్‌లో చెబుతున్నాను. మొదటిది స్ట్రెంత్, రెండవది క్వాలిటీ. స్ట్రెంత్ గీత వైరు తగిలించగానే నిండిపోతుంది, దాన్ని నమ్మకూడదు. చాలాసేపు సున్నా దగ్గరే ఉన్న క్వాలిటీ గీత, పళ్ళెం ఒక్క వెంట్రుకవాసి కదలగానే ఒక్కసారిగా సగం దాటింది. తరువాత ఎల్‌ఎన్‌బీని దాని బిగింపులోనే కొద్దిగా తిప్పితే ఇంకొంత పెరిగింది. అప్పుడే బోల్టులు బిగించాలి, బిగించేటప్పుడు కూడా క్వాలిటీ గీత మీద నుంచి చూపు తీయకూడదు. ఆగ్నేయంగా పక్కింటి వాటర్ ట్యాంకు గానీ కొబ్బరిచెట్టు గానీ అడ్డు లేకుండా చూసుకుంటే చాలు.

ఇక అసలు సమస్యకు వస్తాను. బాక్సు చానెళ్ళ వెతుకులాట ముగించిన తరువాత మా అమ్మ రిమోట్ తీసుకుని, పైనుంచి కిందికి మొత్తం తిప్పి చూసి, "ఏరా, అన్నీ హిందీవే ఉన్నాయి, మనవి ఏవిరా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. మేము మారిన నాటికి స్టార్ మా, జెమిని, జీ తెలుగు వంటి పే చానెళ్ళు ఇందులో లేవు. ఉచితంగా ప్రసారమయ్యే తెలుగు వార్తా చానెళ్ళలోనూ కొన్ని రావు. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక చానెల్ వీక్షకుడి నుంచి డబ్బు తీసుకోనంత మాత్రాన ఫ్రీ డిష్‌లోకి దానంతట అది రాదు. ప్రసార భారతి స్లాట్లను, అంటే ఫ్రీ డిష్‌లో చానెళ్ళకు ఇచ్చే చోట్లను, ఈ-వేలం ద్వారా అమ్ముతుంది. అక్కడ చోటు కావాలంటే చానెలే డబ్బు కట్టాలి. ఉత్తరాదిన ఫ్రీ డిష్ ఇళ్ళు విస్తారంగా ఉన్నాయి కనుక, అక్కడి ప్రకటనల రాబడితో హిందీ చానెళ్ళు కోట్లు పోసి స్లాట్లు కొనగలుగుతున్నాయి. తెలుగునాట ఎక్కువమంది కేబుల్ వాళ్ళ మీదా, డబ్బు కట్టే డీటీహెచ్ మీదా ఉన్నందున తెలుగు చానెల్‌కు ఆ లెక్క గిట్టదు. తెలుగు చానెళ్ళు లేవు గనుక ఇక్కడ డిష్‌లు పెరగవు, డిష్‌లు పెరగవు గనుక చానెళ్ళు రావు.

ఈ ముడి వ్యాపారం తనంతట తాను విప్పేది కాదు, ప్రజల సొమ్ముతో నడిచే సంస్థే విప్పాలి. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 2,539 కోట్ల రూపాయల ప్రసార విస్తరణ పథకంలో మారుమూల, గిరిజన ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు పంచాలన్న లక్ష్యం ఉంది. బాక్సు ఇవ్వడం మంచిదే. ఆ బాక్సు అందుకున్న కుటుంబానికి తన భాషలో చూడదగినది ఉండటం అంతకంటే ముఖ్యం. దక్షిణాది భాషలకు స్లాట్లు విడిగా ఉంచి, అవి నిండేదాకా ధర తగ్గించడానికైనా వెనుకాడకూడదు.

అంతదాకా మన ఇళ్ళకు దిక్కు డీడీ సప్తగిరి. రాష్ట్ర విభజన తరువాత యాదగిరి తెలంగాణకు, సప్తగిరి మనకు వచ్చాయి. రెండూ ఫ్రీ డిష్‌లో వస్తాయి. సప్తగిరిలో వార్తలు అరుపులు లేకుండా చదువుతారు, రైతుల కార్యక్రమాలకు, శాస్త్రీయ సంగీతానికి ఇంకా చోటుంది. అమ్మ ఇప్పుడు సంగీత కచేరీలు వదలకుండా వింటోంది, సీరియళ్ళు పోయినందుకు మాత్రం ఆమె బాధ తీరలేదు, దాన్ని నేను దాచను. ఇందులో రాని వార్తా చానెళ్ళకు వాటి యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాలే పెట్టుకుంటున్నాము.

క్రికెట్ విషయంలో ఫ్రీ డిష్‌దే పైచేయి. 2007 నాటి చట్టం ప్రకారం, జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించిన మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులు కొన్న సంస్థ ప్రసార భారతితో పంచుకోవాలి. అలా పంచుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన భూతల (మామూలు యాంటెన్నాతో అందే) ప్రసారాల్లోనూ ఫ్రీ డిష్‌లోనూ మాత్రమే చూపాలని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే భారత జట్టు వన్డే ఫ్రీ డిష్‌లో వస్తున్న సమయంలో, డబ్బు కట్టిన డీటీహెచ్‌లోని దూరదర్శన్ చానెల్‌లో అది రాదు. ఐపీఎల్ ఈ జాబితాలోకి రాదు.

బడి పిల్లలున్న ఇంటికి పీఎం ఈ-విద్య, స్వయంప్రభ పాఠాల చానెళ్ళు అదనపు లాభం. జోరువాన కురిసినప్పుడు కాసేపు బొమ్మ ఆగిపోతుంది, డబ్బు కట్టే డీటీహెచ్‌లోనూ అంతే. చివరగా ఒక జాగ్రత్త చెప్పాలి. వేలంలో ఇచ్చే వార్షిక స్లాట్లు ఏప్రిల్ 1న మారుతాయి. ఆ తేదీ తరువాత కొన్ని చానెళ్ళు మాయమై కొత్తవి వస్తాయి, అయినా బాక్సు పాత జాబితానే చూపుతూ ఉండవచ్చు. అప్పుడు మెకానిక్‌ను పిలవనక్కరలేదు, మెనూలోకి వెళ్ళి ఆటో స్కాన్ చేసుకుంటే సరిపోతుంది.