కొబ్బరి రాశి వెనక ఫెరారీ ముక్కు

కోనసీమలో ఎవరి తోటలోనో వి8 ఇంజిన్, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, ఉన్న ఇంగ్లండు రోవర్ కారు ఒకటి ఉందని, పాత కార్ల పిచ్చి ఉన్న మా నలుగురి మధ్య ఏళ్ళ తరబడి ఒక పుకారు తిరుగుతోంది. ఎవరో జమీందారు లండన్ నుంచి తెప్పించాడని ఒకరంటే, ఓడలో కాకినాడ రేవులో దిగిందని ఇంకొకరు. కళ్ళతో చూసినవాడు మాత్రం ఎవడూ లేడు. చివరికి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బంధువొకాయన ఫోన్లో ఒక ఫొటో పంపించాడు. ముందు కాయల రాశి, దాని వెనక టార్పాలిన్ కింద నుంచి బయటికొచ్చిన పొడవాటి ముక్కు. అది చూశాక ఇంక ఆగడం ఎవరి తరం?

రాజమండ్రిలో తెల్లారగానే బయల్దేరాం. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దగ్గర కాసేపు ఆగుదామని మాలో ఒకడు అడిగాడు. 'కాటన్ దొర ఎక్కడికీ పోడు, కారే పోతుంది' అని మిగతావాళ్ళం పడనివ్వలేదు. ఆయన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ. బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు పట్టుకున్నాం. లొల్ల లాకులు, ఆత్రేయపురం, డజను పూతరేకులు. దారంతా చెట్లే, నీళ్ళే. కానీ కారు లోపల మాటలు మాత్రం ఇటలీలో ఉన్నాయి.

ఎందుకంటే, మేం వెతుకుతున్న రోవర్ ఎస్‌డి1 కి ఆ గీతలు వచ్చింది ఫెరారీ నుంచి. 1968లో పారిస్ ప్రదర్శనలో ఫెరారీ 365 జీటీబీ/4 ని చూపించారు. పినిన్‌ఫరీనా డిజైన్ సంస్థలో లియొనార్దో ఫియొరవాంతి గీసిన బండి. వి12 ఇంజిన్, 4390 సీసీ, 352 హార్స్‌పవర్. పేరులోని 365 ఒక్కో సిలిండర్‌కి వచ్చే సీసీ, చివరి 4 అంటే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులు నాలుగు. 'డేటోనా' అని లోకమంతా పిలిచినా అది కంపెనీ పెట్టిన అధికారిక పేరు కాదు. 1967 డేటోనా 24 గంటల రేసులో ఫెరారీలు మొదటి మూడు స్థానాలూ కొట్టేయడంతో ఆ పేరు అతుక్కుపోయింది. మాలో ఎవడికీ డేటోనాలో కూర్చునే యోగం లేదు, రాదు కూడా. కానీ 1976లో ఇంగ్లండులో రోవర్ డిజైనర్ డేవిడ్ బేచ్ తన అయిదు తలుపుల కుటుంబ కారుకు ఆ ముక్కు వాలు, పక్కన ముందు నుంచి వెనక దాకా సాగే ఆ గాడి పెట్టుకున్నాడు. లోపల 3528 సీసీ అల్యూమినియం వి8, 155 హార్స్‌పవర్. 1977కి యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైంది. అలాంటిది కోనసీమలో ఉందంటే టెన్షన్ ఉండదా!

అంబాజీపేట దాటాక, బోదె పక్కన మండువా ఇల్లు. పెద్దాయన అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

'ఆయ్, రండి రండి. కారెక్కడికీ పోదండి, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంది. ముందు బొండాలు తాగండి.'

తాగాం. తర్వాత కాఫీ. తర్వాత పూతరేకుల పొట్లం విప్పి, 'ఆత్రేయపురంలో ఎవరి దగ్గర కొన్నారు?' అని పెద్ద విచారణ. గోదారి జిల్లాలో తొందర ఉన్నవాడు పనికిరాడు.

షెడ్డులో దింపు తీసిన కాయలు పైకప్పు దాకా ఉన్నాయి. ఇద్దరు ఒలుపు కూలీలు పక్కకు జరిపితే గానీ కారు కనబడలేదు. ఊళ్ళో పిల్లలు దాన్ని సొరచేప కారు అనేవారట. గచ్చకాయ రంగు వెలిసిపోయింది, తలుపుల కింది అంచులు ఉప్పుగాలికి తుప్పు తినేశాయి. 1996 నవంబరు తుపానులో షెడ్డు మీద చెట్టు పడి వెనక అద్దం పోయిందట, దాని బదులు పాలిథిన్ షీటు. అయినా పక్కన ఆ గాడి మాత్రం దీపాల నుంచి తోక దాకా చక్కగా ఉంది. గ్రిల్ మీద రోవర్ ఓడ బొమ్మ కూడా ఉంది! మా ఫొటోల మనిషి అప్పటికే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నాకు మాత్రం అనుమానం మొదలైంది. కారు నేల నుంచి మరీ ఎత్తుగా నిలబడి ఉంది. ఎస్‌డి1 అంత ఎత్తు కాదు. బానెట్ లేపాం. వి8 ఉండాల్సిన వెడల్పాటి చోటులో ఒక సన్నటి ఇనప ఇంజిన్, అటూ ఇటూ బోలెడంత ఖాళీ. సిలిండర్‌కొకటి ఉండే ప్లగ్గు వైర్లు లెక్కపెట్టడానికి ఎంతసేపు? నాలుగు. గుడ్డతో తుడిస్తే రివెట్లు కొట్టిన పలక మీద మద్రాసు అని కనబడింది. లండనూ లేదు, జమీందారూ లేడు. ఇది స్టాండర్డ్ 2000.

ఆ కథ తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. హెరాల్డ్, గజెల్ కార్లు చేసిన మద్రాసు స్టాండర్డ్ కంపెనీ 1985లో రోవర్ ఎస్‌డి1 బాడీని ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టింది. మన రోడ్లకని సస్పెన్షన్ ఎత్తు పెంచి, వి8 బదులు తమ దగ్గరున్న పాత వాన్‌గార్డ్ కారు ఇంజిన్‌నే దించింది. 1991 సీసీ, 83 హార్స్‌పవర్. పోటీగా పక్కన కాంటెస్సా, ప్రీమియర్ 118 ఎన్‌ఈ. ధర ఎక్కువ, పరుగు తక్కువ. 1988కే ఆగిపోయింది. మద్రాసులో మిగిలిపోయిన విడిభాగాలను చాలా ఏళ్ళ తర్వాత బ్రిటన్ వాళ్ళే కొని పట్టుకుపోయారు. అందుకే ఇక్కడ ఆ వెనక అద్దం దొరకలేదు.

మావాడొకడి మొహం మాడిపోయింది. నాకైతే అప్పుడే అసలు ఆసక్తి పుట్టింది. డేటోనాలు వెయ్యికి పైగా తయారయ్యాయి, ఒక్కోదాని నంబరూ చరిత్రా రాసిపెట్టి ఉంటాయి. స్టాండర్డ్ 2000లకు ఆ భాగ్యం లేదు. ఎక్కడెక్కడ మిగిలాయో ఇలా షెడ్లు తిరిగి రాసుకోవాల్సిందే.

అక్కడి నుంచి మా పని మారింది. పెద్దాయన సీ-బుక్కు తెచ్చారు, రిజిస్ట్రేషన్ 1986 సెప్టెంబరు. లోపలి నుంచి వాళ్ళమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. 'కాదు బాబూ, వరదప్పటికే కారుంది. గట్టు మీదకి మమ్మల్నందర్నీ ఇందులోనేగా చేర్చారు మీ తాతగారు' అన్నారు, మమ్మల్నీ మనవల్లో కలిపేసుకుని. గోదావరికి ఆ మహా వరద వచ్చింది 1986 ఆగస్టులో. ఇద్దరిలో ఒకరు తప్పయి ఉండాలి అనుకున్నాం. సీ-బుక్కు అట్టలో మడత పెట్టిన చీటీ ఆ చిక్కు విప్పింది. మద్రాసులో జూలైలో ఇచ్చిన టెంపరరీ నంబరు. ఆ చీటీ మీదే కారు ఇంటికి వచ్చింది, వరద తీశాకే రిజిస్ట్రేషన్ అయింది. అమ్మమ్మగారు గెలిచారు.

ఈలోగా ఈ కారుకు ఎప్పుడూ రిపేరు చేసిన మెకానిక్ బాబాయ్ సైకిలేసుకుని వచ్చాడు. అసలు వృత్తి ట్రాక్టర్ల పని.

'వీళ్ళంతా దీన్ని ముట్టుకోడానికి భయపడేవారండి. నేను హెడ్డు విప్పి చూశా. ఏముంది! సిలిండర్ గొట్టాలు, అదే లైనర్లు, ఊడి వచ్చే రకం, బయట నీళ్ళు తిరుగుతాయి. మన ట్రాక్టరు లాగే ఉంటదండి. బోరు 83.'

బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 83 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 92. ఆ కొలతలతో ఒక సిలిండర్ ఘనపరిమాణం లెక్కేసి, నాలుగుతో గుణిస్తే సరిగ్గా 1991 సీసీ వస్తుంది. బాబాయ్ ఊరికే అన్నా మాట అక్షరాలా నిజం. ఇంగ్లండులో స్టాండర్డ్ వాళ్ళు ఈ వెట్ లైనర్ ఇంజిన్‌ని 1940ల్లో వాన్‌గార్డ్ కారుకూ ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టరుకూ పెట్టారు. తర్వాత ఇదే 1991 సీసీ ఇంజిన్‌ని ట్రయంఫ్ టీఆర్2 అనే స్పోర్ట్స్ కారుకు బిగించారు, గంటకు నూరు మైళ్ళు దాటి పరిగెత్తింది. అంటే ఇక్కడ నిలబడ్డ బండికి ఒంటి గీతలు ఫెరారీవి, గుండె పొలం దున్నినది. పత్రికలు వెక్కిరించినా ఈ గుండెకు లైనర్లు మార్చగల మనిషి డెల్టాలో ఉన్నాడు. అదే ఆ అల్యూమినియం వి8 అయ్యుంటే బాబాయ్ కూడా చేతులెత్తేసేవాడేమో.

డ్యాష్‌బోర్డు చూడకుండా కదలకూడదు. మీటర్ల పెట్టె విడిగా పైన కూర్చుని ఉంటుంది, స్టీరింగ్ కుడిదో ఎడమదో అయినా పెట్టెను అటూ ఇటూ మార్చుకోవచ్చు. పక్క సీటు ఎదురుగా ఉండే గాలి రంధ్రం నిజానికి ఎడమ స్టీరింగ్ కార్లలో స్టీరింగ్ కడ్డీ దూరే చోటు. ఆ రంధ్రంలో ఇప్పుడు పిచ్చుక గూడు.

ప్లగ్గులు విప్పి, కాస్త నూనె పోసి, బాబాయ్ పానాతో ఇంజిన్ తిప్పాడు. తిరిగింది, పట్టేయలేదు. స్టార్ట్ చేద్దామని కుర్రాళ్ళు అడిగినా ఆయన పడనివ్వలేదు, ముందు ట్యాంకు కడగాలన్నాడు. అమ్మే ఆలోచన ఉందా అని అడిగితే పెద్దాయన నవ్వి, 'నాన్నగారి బండండి' అని ఊరుకున్నారు.

మరి రోవర్ బ్యాడ్జి? లండన్‌లో చదివిన మేనల్లుడు ఎప్పుడో తెచ్చి స్టాండర్డ్ బొమ్మ పీకి బిగించాడట. మన పుకారు పుట్టిందీ అక్కడే. 'తీసేయమంటారా?' అని పెద్దాయన మమ్మల్నే అడిగారు. ఒకడు వెంటనే తీసేయాలన్నాడు. నేను వద్దన్నాను, అదీ ఈ కారు చరిత్రలో భాగమేగా. ఫొటోల మనిషి రెండు బొమ్మలూ పెట్టమన్నాడు. ఎదుర్లంక దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి కూడా వాదన తెగలేదు. యానాంలో భోజనానికి దిగాక పెద్దాయన నుంచి ఫోను. పాత స్టాండర్డ్ బ్యాడ్జి బీరువాలో దొరికిందట, ఎక్కడ పెట్టాలో తేల్చి చెప్పమంటున్నారు.