నాగావళిలో నేర్చిన శ్లోకం

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి |
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు ||

ఈ శ్లోకం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. శ్రీకాకుళంలో గుడివీధి కోటేశ్వరస్వామి ఆలయానికి కాస్త దూరంలో మా పుట్టిల్లు ఉండేది. తెల్లవారుజామున పెరట్లో నూతి గిలక చప్పుడు, దాని వెంటనే అమ్మ గొంతులో ఈ రెండు పాదాలు, ఆ తర్వాత ఇత్తడి చెంబుతో నీళ్లు కుమ్మరించుకున్న చప్పుడు వరుసగా వినిపించేవి. కార్తీకంలోనూ మాఘంలోనూ మాత్రం అమ్మ మమ్మల్ని నాగావళికి తీసుకువెళ్లేది, అక్కడా ఇదే శ్లోకం చదివేది. అయితే ఏట్లో మునిగేటప్పుడు రెండుసార్లు చదివేది. మొదటిసారి అందరూ చదివినట్టే చదివి, రెండోసారి “గంగే చ యమునే చైవ నాగావళి సరస్వతి” అనేది. అది ఆమె పొరపాటని నేను చాలాకాలం అనుకున్నాను.

పెద్దయ్యాక లఘుగురువులు వేసి చూస్తే, “గోదావరి” ఉన్నచోట “నాగావళి” అక్షరం కూడా తప్పకుండా ఇమిడిపోతుందని తెలిసింది. రెండు గురువులు, రెండు లఘువులు. అనుష్టుప్పు నడక ఎక్కడా కుంటుపడదు. అలాగని మంత్రంలో మాట మార్చవచ్చని నేను అనడం లేదు. పెద్దలు చెప్పిన పాఠాన్ని మొదట యథాతథంగా చదివి, ఆ తర్వాతే తన ఏటి పేరు పలికిన అమ్మ మర్యాద నాకు బాగా నచ్చింది.

ఈ శ్లోకంలో ఉన్న ఏడు నదుల పట్టికను తెలుగువాళ్లం ఒకసారి నిదానంగా చూడాలి. నాగావళి, వంశధారల సంగతి అటుంచి, కృష్ణానది పేరే అందులో లేదు. మరోపక్క, నేల మీద ఎక్కడా కంటికి కనబడని సరస్వతి పేరు ఉంది. కాబట్టి ఇది పెద్ద నదులను ఏరి కూర్చిన జాబితా అని నేను అనుకోను. కనబడని నదిని కూడా రమ్మని పిలిచేవాడికి నీటి కొలతతో పనిలేదు. మరొక విశేషం ఉంది. ఏడుగురిని పిలుస్తున్నప్పుడు క్రియ బహువచనంలో “కురుత” అని ఉండాలి, కాని “కురు” అని ఏకవచనంలో ఉంది. గుంపుగా పిలవక, ఒక్కొక్క తల్లినీ విడివిడిగా పేరుపెట్టి పిలుస్తున్నట్టు నాకు తోస్తుంది. అడుగుతున్నది కూడా “సన్నిధి”, అంటే దగ్గర ఉండడం. ఎక్కడ అంటే “జలేఽస్మిన్”, ఈ నీటిలో. “ఈ” అన్న ఆ చిన్న మాట ఏ నీటిని చూపిస్తుందో చదివేవాడు నిలబడ్డ చోటును బట్టి తేలుతుంది.

గంగను దూరం నుంచి తలచుకోవడానికి మనకు మరో శ్లోకం కూడా ఉంది. “గంగా గంగేతి యో బ్రూయాత్ యోజనానాం శతైరపి” అని అది మొదలవుతుంది. వందల యోజనాల దూరం నుంచి “గంగా, గంగా” అన్నా పాపాలు పోతాయని దాని తాత్పర్యం. యోజనమంటే మన ఆమడ, ఎనిమిది మైళ్లుగా లెక్కకట్టేవారు. ఆ లెక్కన నూరు ఆమడలంటే సుమారు 1300 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి హిమాలయాల పాదాల దగ్గరి గంగకు గీత గీస్తే అంతకంటే కొంచెం ఎక్కువే వస్తుంది గాని, శ్లోకంలో “శతైః” అని బహువచనం ఉంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. పైగా మావైపు పురోహితులు సంకల్పంలో “గంగా గోదావర్యోః మధ్యదేశే” అంటారు. అంటే మా ఇంట్లో ఏ పూజ జరిగినా మా చిరునామాలో గంగ పేరు ఉంటుంది.

ఇన్నేళ్లూ చిరునామాలో ఉన్న గంగను కళ్లారా చూడడానికి మావారూ నేనూ మార్గశిరంలో ఋషీకేశం బయలుదేరాం. బయలుదేరే ముందు పోలి పాడ్యమి వచ్చింది. ఆ తెల్లవారుజామున నాగావళిలో అరటి దొప్పల మీద దీపాలు వదిలి, అమ్మ దగ్గర కూర్చుని పోలి కథ మరొకసారి చెప్పించుకున్నాను. అత్త మిగిలిన కోడళ్లను వెంటబెట్టుకుని నదీస్నానానికి వెళుతూ, చిన్నకోడలు పోలిని ఇంట్లోనే వదిలేస్తుంది. పోలి పెరట్లోని పత్తిచెట్టు కింద రాలిన పత్తి తెచ్చి వత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్నతో దీపం వెలిగించి, నూతి దగ్గర స్నానం చేసి, ఆ దీపం అత్త కంట పడకుండా బుట్ట బోర్లిస్తుంది. చివరికి స్వర్గానికి తీసుకుపోయే విమానం వచ్చేది ఏటికి వెళ్లినవాళ్ల కోసం కాదు, నూతి దగ్గర ఉండిపోయిన పోలి కోసం. తీర్థయాత్రకు టిక్కెట్లు కొనుక్కుని ఈ కథ వింటూ ఉంటే నాకు కొంచెం సిగ్గు కలిగిన మాట నిజం.

విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బొబ్బిలి నుంచి పార్వతీపురం మీదుగా రాయగడ చేరేవరకు మా ఏటి పరీవాహక ప్రాంతంలోనే ప్రయాణమని ఈ దారి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన నాగావళి రాయగడ మీదుగా మన వైపు దిగుతుంది. కరువుతో అల్లాడుతున్న ఈ ప్రాంతం కోసం బలరాముడు నాగలితో, అంటే లాంగలంతో, నేలను చీల్చి ఈ ఏటిని తెచ్చాడనీ, అందుకే దీనికి లాంగుల్య అనే పేరు కూడా వచ్చిందనీ స్థలపురాణం. ఆ దారిలోనే ఆయన రాయగడ దగ్గరి పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి అనే ఐదు చోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడంటారు. భారతంలో కూడా బలరాముడు యుద్ధంలో ఏ పక్షమూ చేరకుండా తీర్థయాత్రకు వెళ్లినవాడే. గంగకు వెళ్లే రైలు మొదట నాగావళికి ఎదురెక్కడం నాకు శుభశకునంగా తోచింది.

హరిద్వారం నుంచి ఋషీకేశం సుమారు 25 కిలోమీటర్లు. చలికాలంలో ఆ ఊరికి వెళ్లడం మంచిదని నేను అనుభవం మీద చెప్పగలను. అప్పటికి కేదారనాథ్, బదరీనాథ్ ఆలయాలు మూసివేస్తారు. కేదారేశ్వరుడి ఉత్సవమూర్తి ఊఖీమఠానికి దిగివస్తాడు. కొండమీదికి పరుగుతీసే యాత్రికుల బస్సులు తగ్గడంతో, ఋషీకేశం దారిలో తగిలే మజిలీగా కాక తన రూపంలో తాను కనబడుతుంది. వర్షాకాలంలో బురదరంగులో పరుగెత్తే గంగ ఈ రోజుల్లో లేత ఆకుపచ్చగా తేరుకుంటుంది. పైన మంచు కరగడం తగ్గి, ఒండ్రు అడుగుకు చేరడం వల్ల ఒడ్డు దగ్గర గులకరాళ్లు లెక్కపెట్టవచ్చు. దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి కలిసిన తర్వాతే గంగ అనే పేరు వస్తుంది కాబట్టి, ఇక్కడికి దాదాపు 70 కిలోమీటర్ల వయసున్న గంగ ఇది. మైదానం ఇంకా చూడని పిల్ల.

తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రాశ్రమం అక్కడ ఉంది, అందులో వేంకటేశ్వరస్వామి, చంద్రమౌళీశ్వరస్వామి కొలువై ఉన్నారు. పొరుగు రాష్ట్రాలు ఎన్నో దాటివచ్చాక ఉదయాన్నే తెలుగు మాట చెవిన పడితే చలి సగం తగ్గుతుంది.

మర్నాడు తెల్లవారాక త్రివేణీ ఘాట్‌కు వెళ్లాం. పైన టెహ్రీ దగ్గర భాగీరథి మీద ఆనకట్ట ఉండడం వల్ల నీటిమట్టం ఒకే రోజులో మారవచ్చు, ప్రవాహం కూడా చాలా వడి. గొలుసు పట్టుకోకుండా దిగడం భక్తి అనిపించుకోదు. గొలుసు పట్టుకుని రెండు మెట్లు దిగేసరికి పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. మూడో మెట్టు మీద నిలబడి అలవాటు కొద్దీ “గంగే చ” అన్నాను, అక్కడే ఆగిపోయాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని పేరుపెట్టి “ఇక్కడికి రా” అని పిలిచినట్టు అనిపించింది. నూతి దగ్గరా నాగావళిలోనూ అర్థవంతంగా ఉన్న పిలుపు గంగలో నిలబడితే తెల్లబోయింది.

తర్వాత మాట గొంతులోంచి తనంతట తానే వచ్చింది, “యమునే చైవ గోదావరి”. అక్కడ నాకు విషయం అర్థమైంది. గంగలో నిలబడినవాడు కూడా ఈ శ్లోకాన్ని సగం నుంచి మొదలుపెట్టడు. యమునను పిలుస్తాడు, మన గోదావరిని పిలుస్తాడు, దక్షిణాన ఉన్న కావేరిని పిలుస్తాడు. గంగకు కూడా మిగిలిన నదుల సన్నిధి కావాలి, ఆ పిలుపులో గంగ కూడా ఒక “ఈ నీరు” మాత్రమే. శ్రీకాకుళంలో చెంబు నీళ్లలోకి గంగ వస్తున్నట్టే ఋషీకేశంలో గంగలోకి గోదావరి రావాలి. అమ్మ పద్ధతిలో రెండోసారి చదివాను. కోటేశ్వరుడి గుడి పక్కన పారే ఏటి పేరు గోదావరి ఉన్నచోట పలికి మూడు మునకలు వేశాను. ఒడ్డున ఉన్న మావారు “ఎవరితో మాట్లాడుతున్నావు?” అన్నారు. పళ్లు కొట్టుకుంటూ ఉండడం వల్ల జవాబు చెప్పలేకపోయాను.

ఆ ఊరి పేరు హృషీకేశుడి నుంచి వచ్చినదే. హృషీకములంటే ఇంద్రియాలు, వాటికి అధిపతి హృషీకేశుడు. రైభ్య మహర్షి తపస్సుకు మెచ్చి విష్ణువు ఆ రూపంలో ఇక్కడ ప్రత్యక్షమయ్యాడని క్షేత్ర మహాత్మ్యం. ఇక్కడ యోగం నేర్పే చోట్లు అడుగడుగునా కనబడతాయి. 1968లో ఇంగ్లండు పాటగాళ్లయిన బీటిల్స్ బృందం మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చాక విదేశీయులు మరింతగా రావడం మొదలైందని చాలామంది ఆ కథతోనే ఊరిని పరిచయం చేస్తారు. నా దృష్టి మాత్రం శివానందుల వారి ఆశ్రమం మీద పడింది. 1887లో తమిళనాడులోని పత్తమడైలో పుట్టి, మలయాలో వైద్యుడిగా పనిచేసి, అదంతా వదిలి 1924లో ఋషీకేశం చేరి, 1936లో దివ్యజీవన సంఘాన్ని స్థాపించిన మహానుభావుడు ఆయన. అక్కడి భజన మందిరంలో 1943 డిసెంబరులో మొదలైన అఖండ నామసంకీర్తన నేటికీ ఆగలేదు. మేము వెళ్లిన సమయంలో ఒక్కరే కూర్చుని మెల్లగా పాడుతున్నారు. వినేవాళ్లున్నారా లేదా అన్న ధ్యాస ఆ గొంతులో లేదు.

ఉదయం ఆసనాల తరగతిలో కూడా ఒకరోజు కూర్చున్నాను. యోగసూత్రాల్లో పతంజలి “స్థిరసుఖమాసనమ్” అని చెప్పి, కాస్త తర్వాత “తతో ద్వంద్వానభిఘాతః” అంటాడు. ఆసనం కుదిరితే చలి, వేడి వంటి జంటలు మనిషిని దెబ్బతీయవని భావం. శాలువా రెండు మడతలు వేసుకుని కూర్చున్న నాకు ఆసనం ఎంత కుదిరిందో వేరే చెప్పనక్కరలేదు. అయితే గురువుగారు పదేపదే చెప్పినది ఒకటే, ముందు తీసిన శ్వాస గురించీ తీయబోయే శ్వాస గురించీ ఆలోచించకుండా ఈ శ్వాసను చూడమని. శ్లోకంలోని “అస్మిన్” అన్న మాట మళ్లీ అక్కడ వినబడింది.

సాయంత్రం హారతి గొప్పగా జరుగుతుంది. పెద్ద పెద్ద దీపస్తంభాలు, మైకుల్లో పాట, ఆకు దొన్నెల్లో బంతిపూలూ కర్పూరమూ పెట్టి అమ్మే పిల్లలు, వేలకొద్దీ చేతుల్లో ఫోన్లు. అందంగానే ఉంది. కాని పోలి పాడ్యమి నాడు చీకట్లో, పాటా మైకూ లేకుండా, ఒక్కొక్క ఆడమనిషీ తన అరటి దొప్పను తానే నీటి మీద పెట్టి కాస్త ముందుకు నెట్టడం చూసిన కళ్లకు, హారతిని చూడడం వేరు, దీపం పెట్టడం వేరు అనిపించింది. ఇంకొక మాట కూడా దాచుకోలేను. పిలిచిన చుట్టం వస్తాడంటే వాకిలి ఊడ్చి కళ్లాపి జల్లుతాం. ఏడు నదులను పేరుపేరునా పిలిచే మనం, ఆ పిలుపు పూర్తయిన మరుక్షణం పాతబట్టలూ ప్లాస్టిక్ కవర్లూ అదే నీటిలో వదిలేసి ఒడ్డెక్కడం నాగావళిలోనూ చూశాను, గంగలోనూ చూశాను.

తిరిగివచ్చేటప్పుడు మూత బిగించిన రాగి చెంబులో గంగ తెచ్చాం. అమ్మ ఇప్పుడు ఏటికి వెళ్లలేకపోతోంది, నుయ్యి పూడ్చి చాలా ఏళ్లయింది, స్నానం గీజరు నీళ్లతోనే. మాఘం మొదటి రోజున ఆమె బకెట్టు నింపి, అందులో ఒక ఉద్ధరిణి గంగ పోశాను. “గంగమ్మ నిజంగానే వచ్చింది కదా, ఇవాళ శ్లోకం చదవక్కరలేదేమో” అన్నాను, నవ్వుతుందనుకుని.

అమ్మ నవ్వలేదు. “గంగొక్కతే వచ్చినాది, మిగతా వాళ్లనెవరు పిలుస్తారు?” అంది. బకెట్టు అంచు మీద చెయ్యి వేసి, నిదానంగా, రెండుసార్లు చదివింది. రెండోసారి “నాగావళి” అన్నచోట వేళ్లతో నీళ్లు కదిపింది. తర్వాత నా వైపు తిరిగి, “నీళ్లు చల్లారిపోతున్నాయి తల్లీ, తలుపు దగ్గరగా వెయ్యి” అంది.