ఓక్ చెట్లు కాదు, పెకాన్ అంటు

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ వెళ్ళిన మనవాళ్ళంతా దగ్గర్లోని ఓక్ ఆలీ అనే పాత చెరకు తోట ఫొటో పెడతారు. మిసిసిపి గట్టు వైపు నుంచి బంగళా దాకా రెండు వరుసల్లో 28 ఓక్ చెట్లు. గొప్పగా ఉన్నాయి, కాదనను. కానీ నేను వెళ్ళింది అక్కడి పెకాన్ కథ కోసం. పెకాన్ అంటే అక్రోటు లాంటి గింజ కాసే చెట్టు. ఆ పెకాన్ చెట్లిప్పుడు లేవు, చెరకు వెయ్యడానికి ఎప్పుడో కొట్టేశారు.

పెకాన్ గింజ పాతితే తల్లి గుణం రాదు. ఒక చెట్టు కాయకి పెంకు పల్చగా ఉంటే, పక్క చెట్టు కాయ రాయిలా ఉంటుంది. మంచి రకం నిలబడాలంటే అంటు కట్టాల్సిందే. 1846-47 చలికాలంలో ఈ తోటలో 16 చెట్లకి అంటు కట్టి బతికించినవాడు ఆంత్వాన్ అనే బానిస తోటమాలి. 1848 నాటి ఆస్తి జాబితాలో అతని వయసు 38, ఖరీదు వెయ్యి డాలర్లు. ఇంటిపేరు లేదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ కాయలకి మెప్పు దక్కి, రకానికి సెంటెనియల్ అని పేరు పెట్టారు. ప్రదర్శించింది మాత్రం అప్పటి తోట యజమాని. బానిసల గుడిసెల దగ్గర గోడ మీద పేర్లు చదువుతుంటే ఒళ్ళు మండింది. మా కడియం నర్సరీల్లో అంటు బాగా కట్టే మనిషిని పేరు పెట్టి పిలుచుకుపోతారు, కూలి కూడా ఎక్కువే ఇస్తారు.

తిరుగుదారిలో రోడ్డు పక్కన ఒక పెద్దావిడ దుకాణం. ఒలిచిన పప్పు ధర చూసి గుండె గుభేల్‌మంది. ఈ ఏడు కాపు తక్కువ, పెకాన్ ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు బద్ధకిస్తుందని చెప్పింది. మగపూలూ ఆడపూలూ ఒకేసారి సిద్ధం కావు కాబట్టి పక్కన ఇంకో రకం చెట్టుండాలట. మాట్లాడుతూనే రెండు కాయలు గుప్పిట్లో పెట్టి ఒకదానికొకటి నొక్కింది. టప్‌మని పగిలాయి. రెండు బద్దల మధ్య బెరడులాంటి గోధుమరంగు పొరని గోటితో తీసి పారేసింది, అదుంటే వగరట. పప్పు నోట్లో వేసుకుంటే వెన్నలా కమ్మగా ఉంది. నూటికి డెబ్బై పాళ్ళు కొవ్వే మరి, అందుకే ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టమంది.

పెంకుతో ఉన్నవే రెండు పౌన్లు కొన్నాను. తూకం వేస్తూ, "ఆంత్వాన్ పేరు చూశావా?" అని అడిగింది. చూశానన్నాను. "నా కొట్టుకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది చూడలేదంటారు" అంది. మీరు వెళ్తే ముందు ఆ గుడిసెల వైపే నడవండి.