వేళాంకణికి అమ్మ మొక్కు

తమ్ముడికి మూడేళ్ళప్పుడు జ్వరం ఎన్నాళ్ళకూ దిగలేదు. అమ్మ తిరుమల వెంకన్నకు ముడుపు కట్టింది, తాతయ్యగుంట గంగమ్మకు పొంగలి పెడతానంది. ఎదురింటి అక్క చిన్న సీసాలో తమిళనాడు వేళాంకణి మేరీమాత గుడి నూనె తెచ్చి వాడి నుదుటికి రాస్తే, "ఆరోగ్యమాతా, వీడు లేచి తిరిగితే నీ దగ్గర గుండు కొట్టిస్తా, చీర పెడతా" అని ఆమెకూ మొక్కుకుంది. మొదటి రెండూ ఆ ఏడాదే తీరాయి. మూడోది ఇరవై రెండేళ్ళు అట్లే ఉండిపోయి, తీర్చని అప్పులా అమ్మను కుదురుగా ఉండనివ్వలేదు. మొన్న సెప్టెంబరు మొదటి వారంలో అక్కవాళ్ళూ మేమూ కలిసి తిరుపతిలో వ్యాన్ మాట్లాడుకున్నాం.

నాగపట్నం దాటినప్పటి నుంచి రోడ్డు పక్కన అందరూ కాషాయం కట్టుకుని, చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. మాల వేసుకున్న స్వాములనుకుంది అమ్మ. "అందరూ మాత దగ్గరికేమ్మా" అంది అక్క. నాకు మన పుంగనూరు గుర్తొచ్చింది. 18వ శతాబ్దం మొదట్లో అక్కడికి వచ్చిన జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం ఫ్రెంచ్ ఫాదర్లు కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. 1744లో పోప్ 14వ బెనెడిక్ట్ ఇక్కడి ఆచారాల్లో కొన్నింటిని వద్దన్నాడు. జనం మాత్రం తమకు తెలిసిన భక్తినే పట్టుకుని నడిచారు. నాకది గొప్ప విషయమే.

ఆగస్టు 29న జెండా ఎక్కించి, సెప్టెంబరు 8న మరియమ్మ పుట్టినరోజుతో ముగించే పండుగ ఇది. మధ్యలో తేరు. ధ్వజారోహణాలు, రథాలు చూస్తూ పెరిగినదాన్ని, పరాయి ఊరికి వచ్చినట్టే అనిపించలేదు.

మంగలి తడిచేత్తో తమ్ముడి తల నిమిరి కత్తి పెట్టాడు. గోవిందా అనే చోట "మరియే వాళ్గ", అంటే మరియమ్మా వర్ధిల్లు అంటున్నారు, అంతే తేడా. వాడు సముద్రంలో మునిగొచ్చాక అమ్మే గుండుకు చందనం పూసింది.

మాత కనిపించిందని చెప్పే నడుత్తిట్టు దాకా పోయే ఇసుక బాటలో మోకాళ్ళ మీద నడిచేవాళ్ళని చూసి ఆగిపోయాను. ఒకామె చంకలో బిడ్డను పెట్టుకుని, ఇంకో చెయ్యి ఇసుకలో ఆనించి, ఒక్కో మోకాలే ముందుకు జరుపుతోంది. పక్కన వాళ్ళాయన గొడుగు పట్టి, ఆమె ఆగినప్పుడల్లా తనూ ఆగుతున్నాడు. ఆ బాట చివర కథ అక్క చెప్పింది. మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లాడి దగ్గరికి మాత వచ్చి, తన బిడ్డకు కాస్త మజ్జిగ అడిగిందట. తాగించాక వాడికి కాళ్ళొచ్చాయట. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మన గంగమ్మ అంబలి అడిగినట్టే ఈయమ్మ మజ్జిగ అడిగిందన్నమాట" అంది. అక్క తలూపింది. జాతరకు మా ఇంట్లో అంబలి కాస్తే మొదటి చెంబు పోయేది వాళ్ళింటికే.

చీర ఇచ్చేటప్పుడే అమ్మకు టెన్షన్. గంగమ్మ సారెకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టి తెచ్చింది, వద్దంటారేమోనని భయం. తీసుకునే ఆయన మడత విప్పాడు. పసుపు మూలను వేలితో తడిమి, మళ్ళీ అదే మడతలో మడిచి, పక్కనున్న చీరల మీద పెట్టాడు. వాటిలోనూ పసుపు మూలలు కనిపిస్తున్నాయి.

బయట అక్క నూనె సీసా కొంటుంటే, "నాకూ ఒకటి తీసుకోవే" అంది అమ్మ.